చక్రానికి అడ్డం నిలబడ్డాను

నా పనితనాన్ని ఎవరైనా పొగిడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పొగిడినవాడి మీద కాదు, నా మీదే. ఫ్యాక్టరీలో నేను రిటైరైన రోజు శాలువా కప్పి, కుర్రాళ్ళకు పని నేర్పడంలో నన్ను మించినవాడు లేడని ఒక ఆఫీసరు మైకులో అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల దించుకుని కూర్చుంటే వినయం అనుకున్నారు. వినయమా, నా బొందా! పని నేర్పిస్తానని నేను ఒక మనిషిని ఏం చేశానో తెలిస్తే ఆ శాలువాను అక్కడే లాక్కునేవాళ్ళు.

డెబ్భైల చివరి సంగతి ఇది. పాతబస్తీ మొఘల్‌పురాలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక బర్రెల కొట్టం ఉండేది. ఇంటాయన ఎప్పుడో పోయాడు. తల్లి, కొడుకు, కోడలు కలిసి అయిదు బర్రెలను సాకుతూ గల్లీ అంతటికీ పాలు పోసేవాళ్ళు. ఆమెను నేను పెద్దమ్మ అనేవాణ్ణి. కొడుకు నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. నాకు తమ్మీ, అతనికి నేను అన్న. చుట్టరికం ఏమీ లేదు గానీ, నా పెళ్ళిలో వంటలకు కట్టెలు కొట్టింది అతనే, మా నాయన పోతే పాడె పట్టింది అతనే.

నేను అప్పుడు ఊరి బయట ఒక సర్కారు ఫ్యాక్టరీలో వెల్డరును. పన్నెండేళ్ళ సర్వీసు. అంతకుముందు ఎనిమిదేళ్ళు మా గల్లీ చివర కిటికీల గ్రిల్స్ చేసే దుకాణంలో ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాను.

ఆ రోజుల్లో పాతబస్తీలో ఇంటికొకడు అరబ్బు దేశాలకు పోతున్నాడు. అక్కడ నేలలోంచి నూనె వస్తుందని, దాని ధర ప్రపంచమంతటా ఒక్కసారిగా లేచిందని, ఆ డబ్బుతో ఇసుకలో ఊళ్ళకు ఊళ్ళు కడుతున్నారని చాయ్ హోటళ్ళలో చెప్పుకునేవాళ్ళు. ప్రపంచ రాజకీయం గురించి మాకు తెలిసింది అంతే. ఎక్కడో పెద్ద పెద్ద రాజ్యాలు నూనె దగ్గర కొట్లాడుకుంటుంటే, ఇక్కడ మా మేస్త్రీలు, వడ్రంగులు, డ్రైవర్లు పాస్‌పోర్టు ఫోటోలు దిగుతున్నారు. తాతల నాడు అరబ్బు దేశం నుంచి వచ్చి స్థిరపడ్డ బార్కస్ పేట వాళ్ళకు ముందు నుంచే అటువైపు చుట్టాలున్నారు కాబట్టి వాళ్ళు ముందు పోయారు. తర్వాత అందరూ. పోయినవాడు సెలవుకు వచ్చి పత్తర్‌గట్టిలో నడుస్తుంటే, నిన్నటిదాకా అతన్ని పలకరించని బట్టల దుకాణంవాడు కూడా "ఆయియే భాయ్" అని కుర్చీ వేసేవాడు.

నాకూ పోవాలని ఉండేది. దాచడం ఎందుకు? మా ఆవిడ వినగానే కస్సుమంది. "పక్కా నౌకరీ ఇడిచిపెట్టి ఇసుకల పడి సస్తవా? పింఛనొచ్చే కొలువు ఎవడన్న ఇడుస్తడా? నీకేమన్న దిమాక్ ఉన్నదా?" అంది. గల్లీలో అందరికీ ఆమె పోనివ్వలేదనే చెప్పుకున్నాను. నిజానికి నాకే ధైర్యం లేదు.

ఒక సాయంత్రం తమ్మీ మా ఇంటికొచ్చి గడపలో కూర్చున్నాడు.

"అన్నా, ఏజెంటు దగ్గరికి పోయొచ్చిన. ఈసారి కూలోళ్ళను తీస్కుంటలేరంట. వెల్డర్లే కావాల్నంట."

"నీకు వెల్డింగేమొస్తది తమ్మీ? బర్రెకు తోక అతికిస్తవా?" అన్నాను.

అతను నవ్వాడు. నవ్వి, గొంతు తగ్గించి, "నా పేరు మీద టెస్టు నువ్వియ్యి. వీసా వచ్చేసరికి మూడు నెలలు పడ్తదంట. గంతల నాకు నేర్పియ్యి" అన్నాడు.

"ఫారం మీద నీ ఫోటో ఉంటది గద?"

"మన మొఖాలు ఎవడు సూస్తడన్నా? వాళ్ళకు మనమంత ఒక్క తీరుగనే కనవడ్తమంట. ఏజెంటే చెప్పిండు."

కాదనాల్సింది. అప్పుడే చెంప మీద ఒకటిచ్చి, "పోయి బర్రెలు కాసుకోరా" అని పంపాల్సింది. నేను సరేనన్నాను. తమ్ముడి లాంటివాడికి సాయం చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. సాయం ఒక వంతు మాత్రమే. మిగతాదంతా నా గులగుల. నేనే పోయి ఉంటే పాసయ్యేవాణ్ణా, కాదా? అది తేల్చుకోవాలని నాకు ఉండేది.

టెస్టు ఊరి బయట ఒక రేకుల షెడ్డులో పెట్టారు. తమ్మీ ఫారం మీది నంబరును నా చొక్కాకు పిన్నుతో గుచ్చారు. అతను బయట సైకిళ్ళ దగ్గర నిలబడ్డాడు. లోపల వరసగా మిషన్లు, మిషనుకొక మనిషి. పరీక్ష పెట్టే దొర మెడ ఎండకు కమిలి ఎర్రగా ఉంది. ముందు బల్ల మీద ప్లేట్లు అతికించమన్నాడు. తర్వాత నిలబెట్టి అతికించమన్నాడు. చివర ప్లేట్లను తలకు పైన బిగించి, కింద నుంచి అతికించమన్నాడు. మాలో దాన్ని ఓవర్‌హెడ్ అంటారు. వెల్డరు ఎంతటివాడో తెలిసేది అక్కడే. కరిగిన ఇనుము నీ మీద పడకుండా పైకే అంటుకోవాలి.

దొర నా ప్లేటును తీసుకుని, సుత్తితో నల్ల పెచ్చు రాలగొట్టి, అతుకు మీద బొటనవేలు పెట్టి ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిపాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. "గుడ్" అన్నాడు. తర్వాత "వెరీ గుడ్" అన్నాడు. ఒక్కసారైనా తలెత్తి నా మొహం చూడలేదు. నా చొక్కా మీది నంబరు చూసి రాసుకుని, పక్క మనిషి దగ్గరికి పోయాడు.

పన్నెండేళ్ళ సర్వీసులో నాకు ఎవడూ ఆ మాట అనలేదు. నా ఒళ్ళంతా పొంగిపోయింది. బయటికొచ్చి చెబితే తమ్మీ నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. సైకిలు మీద వస్తూ దారిలో అడిగాడు.

"నీ పేరడిగిండా అన్నా?"

"పేరుతోటి వానికేం పని?"

"మేం సంతల బర్రెను గిట్లనే సూస్తం. పళ్ళు సూస్తం, పొదుగు ఒత్తి సూస్తం. పేరడగం" అన్నాడు తమ్మీ. ఇద్దరం పకపకా నవ్వుకున్నాం.

ఇంటికొచ్చాక రాత్రంతా ఆ "వెరీ గుడ్" నా చెవిలో గింగిరాలు కొట్టింది. తెల్లారేసరికి సంతోషం కాస్తా విరిగిపోయింది. గుడ్ అన్నది నా పనిని. పోయేది ఇతను. పత్తర్‌గట్టిలో కుర్చీ వేసేది ఇతనికి. కడుపుమంట అంటారే, అది నాకు అప్పుడే అంటుకుంది. పైకి మాత్రం అందరి దగ్గరా మిఠాయి తిన్నాను.

వారం తిరిగేలోపు పెద్దమ్మ నాలుగు బర్రెలను అమ్మేసింది. ఏజెంటుకు, టికెట్టుకు అవే ఆధారం. కొట్టంలో ఒక ముసలి బర్రె మాత్రం మిగిలింది. పోయేవాటి నుదుటికి పెద్దమ్మ పసుపు రాసి, కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది. "బిడ్డా, ఇగ వీడే మా బర్రె, వీడే మా పాలు. జర మంచిగ నేర్పు" అంది. వాళ్ళ బతుకంతా తెచ్చి నా చేతిలో పెట్టిందని ఆ క్షణంలో నాకు తెలుసు. తెలియదని అనలేను.

నేర్పడం మొదలుపెట్టాం. నా షిఫ్టు అయ్యాక సాయంత్రాలు ఉస్తాద్ దుకాణంలో పాత ఇనుము ముక్కల మీద. ఇక్కడ మా పనిలో ఒక ఆనవాయితీ చెప్పాలి. ఏ ఉస్తాదూ షాగిర్ద్‌కు, అంటే శిష్యుడికి, అసలు కిటుకు నోటితో చెప్పడు. వెల్డింగ్ మిషను మీద ఒక చిన్న చక్రం ఉంటుంది. అది తిప్పితే కరెంటు పెరుగుతుంది, తగ్గుతుంది. ఏ పనికి ఎంత కరెంటు అన్నదే మొత్తం విద్య. మా ఉస్తాద్ ఆ చక్రం తిప్పేటప్పుడు మాకు వీపు అడ్డం పెట్టి నిలబడేవాడు. మేము చీపురు పట్టినట్టు నటిస్తూ, చాయ్ అందిస్తూ, ఆయన చంక సందులోంచి చూసి దొంగిలించాలి. నాకు దొంగిలించడానికి ఏడేళ్ళు పట్టింది. అందులో ఎవరికీ కోపం ఉండేది కాదు. షాగిర్ద్ అక్కడే ఉంటాడు, తింటాడు, తిట్లు పడతాడు, ఒకనాటికి నేర్చుకుంటాడు.

తమ్మీకి ఉన్నది మూడు నెలలు.

మొదటి నెల తిరిగేసరికే నాకు భయం పట్టుకుంది. చిన్నప్పటి నుంచి పాలు పిండిన చెయ్యి అది. పట్టు, నిలకడ, రెండూ పుట్టుకతో వచ్చినట్టున్నాయి. బల్ల మీద పెట్టి అతికించమంటే, నేను పనిలో చేరిన మూడో ఏట గీసినంత సాఫుగా గీశాడు. "మస్తున్నది గదన్నా?" అని పసిపిల్లాడిలా అడిగాడు. "గదంత బర్రె నాకినట్టున్నది" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ, నా పళ్ళ వెనక నవ్వు లేదు. ఇరవై ఏళ్ళ నా విద్య ఇతను మూడు నెలల్లో పట్టేస్తే ఇక నేనెవరిని? పోయే ధైర్యం లేదు, ఉన్న పనితనం ప్రత్యేకం కాదు. ఆలోచించిన కొద్దీ మంట రాజుకుంది.

ఓవర్‌హెడ్ మొదలుపెట్టాం. దానికి కరెంటు కొంచెం తగ్గించాలి, కరిగి అతుకయ్యే రాడ్‌ను ఇనుముకు బాగా దగ్గరగా పట్టాలి. నేను చేసి చూపించేటప్పుడు చక్రానికి అడ్డం నిలబడి కిందికి తిప్పుకునేవాణ్ణి. అతుకు నిగనిగలాడుతూ వచ్చేది. అతనికి రాడ్ ఇచ్చేటప్పుడు అలవాటుగా చక్రాన్ని మళ్ళీ పైకి తిప్పేవాణ్ణి. అలవాటుగా అన్నానా? అబద్ధం. తెలిసే తిప్పాను. కరిగిన ఇనుము జారి అతని మెడ మీద, చేతుల మీద పడేది. చొక్కా నిండా చిల్లులు. అతను పళ్ళు బిగబట్టి మళ్ళీ పట్టేవాడు, మళ్ళీ జారేది.

"నా దగ్గరెందుకు జారుతున్నదన్నా?" అని ఒకరోజు అడిగాడు.

"నీ చెయ్యి వణుకుతున్నది తమ్మీ" అన్నాను.

"చక్రం గిట్ల తిప్పాల్నా ఏందన్నా?"

"దాని జోలికి పోకు. మిషను కాలిపోతది" అన్నాను.

అతను తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఉస్తాద్ అప్పటికి ముసలివాడై గుమ్మంలో మంచం వేసుకుని కూర్చునేవాడు. అంతా చూశాడు. తమ్మీ ఇంటికి పోయాక నన్ను పిలిచాడు. "క్యా రే, నా ఈపే నాకు సూపిస్తున్నవా? నువ్వు ఎనిమిదేండ్లు నా కండ్ల ముంగటున్నవ్. ఈ పోరడు పర్దేశం పోతున్నడు. చెప్పెయ్యి బేటా" అన్నాడు. చెప్తాను ఉస్తాద్ అన్నాను. రేపు, ఎల్లుండి, వీసా వచ్చాక అని రోజులు జరిపాను. వీసా వచ్చింది, బొంబాయి రైలు ఎక్కే రోజూ వచ్చింది. నాంపల్లి స్టేషనులో తమ్మీ వంగి నా కాళ్ళు ముట్టుకున్నాడు. చెవి దగ్గరకు లాక్కుని రెండు మాటలు చెబితే అయిపోయేది. "ఫికర్ చెయ్యకు, ఆడికి పోయినంక అదే వస్తది" అన్నాను.

మర్నాటి నుంచి పెద్దమ్మ రోజూ పొద్దున్నే మా ఇంటికి ఒక చెంబు పాలు పోయడం మొదలుపెట్టింది. పైసలు ఇవ్వబోతే కోపగించుకుంది. "నా కొడుకును వెల్డర్ను చేసినవ్, నీ దగ్గర పైసల్ తీస్కుంటనా?" అంది. ఉన్న ఒక్క బర్రెతో ఇంకా పోసే నాలుగిళ్ళ పాలలో నీళ్ళు కలిపేది, అది లోకానికంతటికీ తెలుసు. మా ఆవిడ కాచేటప్పుడు చూసి, "మన పాలల్ల సుక్క నీళ్ళు కల్పలేదయ్యా పెద్దమ్మ, ఇగో మీగడ సూడు" అని మురిసిపోయేది. ఆ పాలతో పెట్టిన చాయే తాగి నేను డ్యూటీకి పోయేవాణ్ణి.

ఎనిమిది నెలల తర్వాత పత్తర్‌గట్టిలో పిల్లలకు బట్టలు కొంటుంటే ఒకాయన పలకరించాడు. బార్కస్ మనిషి. తమ్మీ ఉన్న క్యాంపులోనే పనిచేసి సెలవుకు వచ్చాడు. మాటల్లో నేను అతని అన్ననని తెలిసి పక్కకు తీసుకుపోయాడు.

"మీ తమ్ముడు మంచోడు భాయ్. మగర్ వెల్డర్ నహీ" అన్నాడు.

మొదటి వారంలోనే ఓవర్‌హెడ్ పైపు ఇచ్చారట. ఇనుము కారి మెడ కాలింది. సూపర్‌వైజరు రాడ్ లాక్కుని తరిమాడు. వెనక్కి పంపితే టికెట్టు నష్టం కాబట్టి హెల్పరును చేశారు. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. వెల్డర్లకు కూలరున్న గదులు, హెల్పర్లకు రేకుల షెడ్డు. ఎండకు కాలే నూనె ట్యాంకుల లోపలికి దిగి తుప్పు గీకడం అతని పని. జీతం సగానికి సగం. ఇంటికి మాత్రం తను బాగున్నానని, పని బాగుందని రాస్తాడట.

"ఎవరన్న నేర్పియ్యలేదా?" అన్నాను. ఆ మాట ఏ మొహం పెట్టుకుని అడిగానో!

"ఎవడు నేర్పిస్తడు భాయ్? ఎవని జాగా వానికి భయం. సెలవు దినం పాత ముక్కల మీద తనే చేస్కుంటడు. చక్రం మాత్రం ముట్టడు, మిషను కాలిపోతదంటడు. అందరు నవ్వుతరు. చెయ్యి వణుకుతదని డాక్టర్‌కు సూపిచ్చుకున్నడు. డాక్టర్ ఏమీ లేదన్నడు. మా దగ్గరికొచ్చి చేతికి తావీజు కట్టిచ్చుకున్నడు."

నాకు తల కొట్టేసినట్టయింది. బట్టలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. ఒక ఎయిర్‌మెయిలు కవరు కొన్నాను. 'తమ్మీ, చక్రం కిందికి తిప్పు' అని రాయాలి. రాస్తే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. పెద్దమ్మకు తెలుస్తుంది. గల్లీకి తెలుస్తుంది. కవరును పెట్టెలో అడుగున పెట్టాను. మర్నాడు పొద్దున పెద్దమ్మ పాలు పోసింది, నేను చాయ్ తాగాను. థూ నా బతుకు.

రెండేళ్ళకు తమ్మీ సెలవుకు వచ్చాడు. నల్లగా, సగం మనిషయ్యాడు. అయినా కొత్త చొక్కా వేసుకుని గల్లీ అంతా తిరిగాడు, అందరికీ సెంటు సీసాలు పంచాడు. మా ఇంటికి పొద్దున్నే ఒక్కడే వచ్చాడు. నాకోసం తోలు గ్లవుజులు తెచ్చాడు, అక్కడి వెల్డర్లు వేసుకునేవి. మా ఆవిడ చాయ్ పెట్టడానికి లోపలికి పోగానే తలుపు దగ్గరగా వేశాడు. ఇక అడుగుతాడు, కొడతాడు, కొట్టనీ అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"అన్నా, నీకొక్కనికే చెప్తున్న. నేనాడ వెల్డర్‌ను గాను. హెల్పర్‌ను. నీ ఇజ్జత్ తీసిన" అన్నాడు.

నేను గ్లవుజులను ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాను.

"నువ్వు మూడు నెలలు ఎంత కష్టపడ్డవు! నాకే పట్టుపడలేదు. నాదే మొద్దు చెయ్యి. అమ్మకు చెప్పకన్నా, సచ్చిపోతది." కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తనే సర్దుకున్నాడు. "ఒక్క మాట అడుగుదామనొచ్చిన. కంపెనీవోళ్ళు వచ్చే వారం ఈడ మళ్ళ టెస్టు పెడ్తున్నరు. ఈసారి నా పేరు మీద నేనే ఇస్తే, పాసైతే వెల్డర్‌ను చేస్తరు. ఫేలైతే ఉన్న హెల్పర్ కాయితం గూడ పోతది. నువ్వు పని తెలిసినోనివి. నువ్వు చెప్పు, పోవాల్నా వద్దా?"

లేచి కిటికీ వెలుతురులోకి వచ్చి కుడిచెయ్యి నా ముందుకు చాపాడు. వేళ్ళు విప్పి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మణికట్టు నిండా కాలిన మచ్చలు. చెయ్యి ఒక్క వెంట్రుకవాసి కదలడం లేదు. అంత నిలకడ చెయ్యి నేను నా సర్వీసులో చూడలేదు.

"వణుకుతున్నదా అన్నా?"

లోపల మా ఆవిడ గిన్నె దించుతున్న చప్పుడైంది. చెప్పాల్సింది రెండే రెండు మాటలు. వారం రోజులు చాలు, అతను నన్ను మించిపోతాడు. అప్పుడు తెలుస్తుంది, చెయ్యి ఎన్నడూ వణకలేదని. అది అన్నవాడెవడో, ఎందుకన్నాడో కూడా తెలుస్తుంది.

"ఇంక జర వణుకుతున్నది తమ్మీ" అన్నాను.

అతను తన చెయ్యి వైపు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా దించాడు.

"నాకు గూడ గట్లనే అనిపిచ్చిందన్నా" అన్నాడు.

టెస్టుకు పోలేదు. ఆ మరుసటి వారం హెల్పరు కాగితం మీదే మళ్ళీ సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.